కారు అమ్మేసి జనం మధ్యకి మారాం

ఊరి చివర కాలనీలో ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో ఏ పనైనా కారు తాళంతోనే మొదలయ్యేది. మందుబిళ్లలు అయిపోయినా కారే, పాపకి నోట్‌బుక్ కావాలన్నా కారే. ఇల్లు విశాలం, రోడ్లు వెడల్పు, రాత్రయితే చీమ చిటుక్కుమన్నా వినపడేది. కానీ బండి నడిపేది నేనూ మా ఆయనా ఇద్దరమే. మామయ్యగారికి చూపు తగ్గి డ్రైవింగ్ మానేశాక ఆయన, పాప ఇద్దరూ మాకు తీరిక ఎప్పుడు దొరుకుతుందా అని కాచుకుని ఉండాల్సి వచ్చేది. డెబ్భై దాటిన మనిషి క్షవరం చేయించుకోవడానికి కోడలి ఆఫీసు టైమింగులు అడగడం నాకే బాగా అనిపించలేదు. నగరం నడిబొడ్డున, ఇళ్లూ దుకాణాలూ కలగలిసిన పాత పేటలోకి మారదామన్న ఆలోచన అలా వచ్చింది. నడిస్తే ఆరోగ్యం, పొగ తగ్గుతుంది లాంటి మాటలు తర్వాత ఎవరో అన్నారు గానీ, మేం బయల్దేరింది మాత్రం ఆ లెక్కతో కాదు.

ఇల్లు వెతికేటప్పుడు ఏ ప్రకటన చూసినా ‘అన్నీ నడక దూరంలోనే’ అని ఉండేది. ఎంత దూరమో ఎవరూ రాయరు. మామూలుగా పెద్దవాళ్లు గంటకి 4.5 నుంచి 5 కిలోమీటర్లు నడుస్తారు, అంటే అయిదు నిమిషాలకి దాదాపు 400 మీటర్లు. నగరాల ప్లానింగ్ చేసేవాళ్లు ఎప్పటి నుంచో పట్టుకున్న కొలత ఇదే. అమెరికాలో క్లారెన్స్ పెర్రీ అనే ప్లానర్ 1929లో ఒక పేట ఎలా ఉండాలో ‘నైబర్‌హుడ్ యూనిట్’ అని గీసినప్పుడు బడిని మధ్యలో పెట్టి, చుట్టూ పావు మైలులో ఇళ్లన్నీ ఉండాలన్నాడు. పావు మైలంటే ఆ 400 మీటర్లే.

చిక్కేమిటంటే మ్యాపులో గీసిన వృత్తం చూపించేది కాకి నేరుగా ఎగిరే దూరం. మనిషి రోడ్డు మీద నడవాలి. మా పాత కాలనీలో పెరటి గోడ అవతలే పార్కు ఉండేది, చెట్లు వంటింట్లోంచి కనపడేవి. అక్కడికి వెళ్లాలంటే కాలనీ గేటు దాకా వెళ్లి, మెయిన్ రోడ్డెక్కి, చుట్టూ తిరిగి రావాలి. దాంతో ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. వీధులు గళ్లుగళ్లుగా ఉన్న చోట ఈ బాధ ఉండదు. ఎంత అడ్డంగా వెళ్లాల్సి వచ్చినా, కాకి దూరానికి దాదాపు 1.4 రెట్లకంటే మించదు. పైగా దారులు ఎక్కువ. ఒక సందులో పైపులైను తవ్వుతుంటే పక్క సందులోంచి పోవచ్చు. అందుకే నేను ఇంటి వైశాల్యం కంటే ముందు సందు మలుపులు చూడటం మొదలుపెట్టాను. బార్సిలోనా విస్తరణకి సెర్డా అనే ఇంజినీరు 1859లో గీసిన ప్లాన్‌లో ఒక్కో బ్లాక్ వైపు 113 మీటర్లు. దాన్నే గీటురాయిగా పెట్టుకున్నాను. మలుపు రావడానికి అంతకంటే బాగా ఎక్కువ నడవాల్సి వస్తోందంటే ఆ వీధి నాకు నచ్చేది కాదు.

బ్రోకర్లు ఇల్లు చూపించేది పొద్దున్న పదకొండుకి. ఆ టైములో ఏ పేటైనా బాగానే ఉంటుంది, సగం మంది పనులకి పోయి ఉంటారు. నచ్చిన ఇంటి దగ్గరికి బడి వదిలే వేళకి ఒకసారి, రాత్రి షట్టర్లు దించేశాక ఒకసారి, వాన పడుతున్నప్పుడు ఒకసారి మళ్లీ వెళ్లేదాన్ని. రాత్రి పూట చూడాల్సింది వీధిదీపాలు ఒక్కటే కాదు. మేడ మీద కిటికీల్లో లైట్లున్నాయా? కింద దుకాణాలన్నీ మూసేశాక పైన మనుషులు లేని వీధి ఎంత వెలుగున్నా భయంగానే ఉంటుంది. వానలో అయితే నీళ్లు ఫుట్‌పాత్ మీదికి వస్తాయా, రోడ్డు వైపు పోతాయా అన్నది ఒక్క చూపులో తెలిసిపోతుంది.

అసలు పరీక్ష మామయ్యగారిది. ఆయన్ని తీసుకెళ్లి మెయిన్ రోడ్డు దాటించేదాన్ని. మనకి పట్టదు గానీ, నడిచేవాళ్ల సిగ్నల్ వెనక ఒక లెక్క ఉంటుంది. చాలా చోట్ల మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడనుకుని టైము పెడతారు. అమెరికాలో 2009లో ఆ లెక్కని 1.07 మీటర్లకి తగ్గించారు, ముసలివాళ్లు అంత వేగంగా దాటలేరని. మామయ్యగారు దానికంటే కూడా నిదానం. ఒక ఇల్లు మా అందరికీ తెగ నచ్చింది, గాలీ వెలుతురూ బ్రహ్మాండం. కానీ దాని ముందున్న రోడ్డు మీద ఆయన మూడొంతులు దాటేసరికే పచ్చబొమ్మ ఎర్రబడింది. మధ్యలో నిలబడటానికి డివైడర్ కూడా లేదు. ‘పర్వాలేదమ్మా, నేను చూసుకుంటాలే’ అన్నారు. ఆయన చూసుకోవడమంటే ఇంట్లోనే కూర్చోవడమని నాకు తెలుసు. ఆ ఇల్లు వదిలేశాం.

చివరికి కుదిరింది మెయిన్ రోడ్డుకి ఒక సందు లోపల, మూడో అంతస్తు. ఈ ‘ఒక సందు లోపల’ అన్నది నేను కావాలని పట్టుబట్టిన విషయం. డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే నగర ప్లానింగ్ ప్రొఫెసరు 1960ల చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో దగ్గరదగ్గరగా ఉన్న మూడు వీధుల్లో ఇంటింటికీ తిరిగి అడిగాడు. రోజుకి 2,000 బండ్లు పోయే వీధిలో ఒక్కొక్కరికీ అదే వీధిలో సగటున ముగ్గురు స్నేహితులు. 16,000 బండ్లు పోయే వీధిలో ఒక్కరు కూడా పూర్తిగా లేరు, 0.9. మా పేటలోనే ఈ తేడా కనపడుతుంది. మెయిన్ రోడ్డు మీద ఇళ్లున్నవాళ్లు మెట్లు దిగీ దిగగానే ఎక్కడికో వెళ్లిపోతారు. మా సందులో దిగినవాళ్లు కాసేపు ఆగుతారు. వీధుల గురించి అంత ఆలోచించిన ఆపిల్‌యార్డ్ 1982లో ఏథెన్స్‌లో వేగంగా వచ్చిన కారు గుద్ది చనిపోయాడని చదివినప్పుడు మాత్రం మనసు చివుక్కుమంది.

సామాన్లు దించిన రోజు గురించి ఎక్కువ చెప్పను. లారీ సందులోకి రాదు, కూడలి దగ్గర ఆపి చిన్న బండ్లలో తెచ్చుకోవాలి, పెద్ద బీరువా మెట్ల మలుపు తిరగదు. బీరువా, సోఫా, ‘ఎప్పుడైనా పనికొస్తుంది’ అని దాచిన అట్టపెట్టెలు పోయాయి. ఇల్లు దాదాపు సగానికి తగ్గింది. ఇలాంటి చోటికి మారేవాళ్లు ముందుగా కొలవాల్సింది గదుల్ని కాదు, మెట్ల మలుపుని.

కారుని మాతోపాటే తెచ్చుకున్నాం. అమ్మడానికి మా ఆయనకి మనసొప్పలేదు. నిలిపిన కారుకి దాదాపు 12 చదరపు మీటర్ల చోటు కావాలి. మా పాప గది అంతకంటే చిన్నది. నాలుగు వీధుల అవతల ఒక చోటు అద్దెకి దొరికింది. కారు దగ్గరికి నడిచి, బయటికి తీసి, సిగ్నళ్లు దాటి, వెళ్లిన చోట మళ్లీ పార్కింగ్ వెతుక్కునేసరికి, నేరుగా నడిచి వెళ్లిన నేను పని ముగించుకుని తిరిగొస్తుండేదాన్ని. పార్కింగ్ మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన డొనాల్డ్ షూప్, కార్లు 95 శాతం సమయం కదలకుండానే ఉంటాయని లెక్క చెప్పాడు. మా కారు ఆ సగటుని ఇంకా పెంచింది. బ్యాటరీ డౌన్ అయి రెండోసారి మెకానిక్‌ని పిలిచినప్పుడు మా ఆయనే అమ్మేద్దామన్నారు. అమ్మాక కొన్నాళ్లు ముభావంగా ఉన్నారు, నిజమే. ఊళ్లకి వెళ్లాల్సి వస్తే ఇప్పుడు కారు అద్దెకి తీసుకుంటాం, మిగతా అంతా బస్సూ రైలూ.

ఇక రోజువారీ బతుకు. అన్నిటికంటే ముందు మారింది సరుకులు తెచ్చుకునే పద్ధతి. ఇదివరకు నెలకి సరిపడా లిస్టు రాసి డిక్కీ నింపేవాళ్లం. ఇప్పుడు లెక్క డిక్కీది కాదు, భుజాలది. రెండు చేతుల్లో సమానంగా మోయగలిగినంతే కొంటాను, అందుకని వారానికి చాలాసార్లు కొంటాను. ఫ్రిజ్ ఎప్పుడూ సగం ఖాళీ. పారేసేది కూడా తగ్గింది, రేపు కావాల్సింది రేపు తెచ్చుకోవచ్చు కాబట్టి. పనుల వరస కూడా వేరయింది. తేలిక పనులు ముందు, బరువు పనులు చివర. ముందు మందులషాపు, తర్వాత టైలర్, తర్వాత లైబ్రరీ, ఇంటికి మలుపు తిరిగే ముందు కిరాణా. చక్రాల సంచి ఒకటి కొన్నాం. చదును నేల మీద హాయిగా వస్తుంది, ఫుట్‌పాత్ అంచు దగ్గర మాత్రం మొండికేస్తుంది. ఆ సంచితో తిరిగాకే నాకు చక్రాల కుర్చీలో వెళ్లేవాళ్ల అవస్థ అర్థమైంది. ఏ మూలన వాలు ఉందో, ఏ మూలన లేదో ఇప్పుడు కంఠతా వచ్చు.

అలాగని చేతితో మోయలేనివి లేకపోలేదు. బియ్యం బస్తా, పరుపు, వాషింగ్ మెషీన్ ఇంటికే తెప్పించుకోవాలి. వాటిని తెచ్చే బండ్లే సందుకి అడ్డం. నడక బతుకంటే బండ్లు అసలే లేని బతుకు అనుకుంటారు కొందరు. అది మాటవరసకే. మన బదులు ఇంకొకరు నడుపుతారు, అంతే.

ఇన్ని దుకాణాలు ఇంత దగ్గర దగ్గరగా ఎలా బతుకుతున్నాయా అని మొదట్లో ఆశ్చర్యంగా ఉండేది. కిటికీలోంచి చూస్తుంటే అర్థమైంది. పొద్దున్న బడికి వెళ్లే పిల్లలు, మధ్యాహ్నం ఆఫీసుల వాళ్లు, సాయంత్రం ఇళ్లకి చేరేవాళ్లు, రాత్రి షికారుకి వచ్చినవాళ్లు. ఒకే గుమ్మం ముందు నాలుగు వేళల్లో నలుగురు వేరే మనుషులు. న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్ అనే పేటలో ఉండి జేన్ జేకబ్స్ అనే రచయిత్రి 1961లో ఇదే రాసింది. వీధి కళకళలాడాలంటే నాలుగు ఉండాలంది: రకరకాల పనులకి జనం రావాలి, బ్లాకులు పొట్టిగా ఉండాలి, కొత్త భవనాల మధ్య పాతవీ మిగలాలి, జనం ఒత్తుగా ఉండాలి. మొదటి రెండూ, నాలుగోదీ ఎవరైనా ఊహించగలరు. మూడోది నాకు ఇక్కడికి వచ్చాకే తలకెక్కింది. మా సందు చివర ఒక పాత మేడ కూలగొట్టి కొత్తది కట్టారు. కింద అద్దాల షోరూమ్ వచ్చింది. అంతకుముందు అదే చోట మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే ఆయన ఉండేవాడు. కొత్త అద్దె ఆ పనికి గిట్టదు. ఇప్పుడు ఫ్యాన్ పాడైతే బస్సెక్కాలి. కొత్త బిల్డింగ్ చూడ్డానికి బావుందని అందరూ అంటారు, నేనూ కాదనను. కానీ ఇలాంటివి ఇంకో నాలుగు వస్తే మేం ఇక్కడికి వచ్చిన పనే చెడుతుంది.

ఇక గోల. దీని గురించి అబద్ధం ఆడను. తెల్లవారుజామున షట్టరు లేస్తుంది, పెట్టెలు దబదబా దించుతారు. చెత్త లారీ వెనక్కి వస్తూ కూస్తుంది. రాత్రి పదకొండుకి కింద ఇద్దరు మాట్లాడుకుంటే పైకి ప్రతి అక్షరం వస్తుంది. పై ఇంటివాళ్లు కుర్చీ జరిపితే మా కప్పు ఉరుముతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2018లో, రాత్రి పూట రోడ్డు చప్పుడు సగటున 45 డెసిబెల్స్ లోపల ఉండాలని చెప్పింది. నా ఫోనులోని యాప్ అంత నమ్మకమైనదేం కాదు, అయినా అది మాకు ఎప్పుడూ అంత తక్కువ చూపించలేదు. మొదటి వారాల్లో నాకు నిద్ర పట్టేది కాదు. పొద్దున్నే తలనొప్పి, ఊరికే విసుగు. మందపాటి కర్టెన్లు వేశాం, మంచాలు లోపలి గోడ వైపు జరిపాం, నేను చెవుల్లో బిరడాలు పెట్టుకోవడం నేర్చుకున్నాను. సగం సర్దుకుంది. మిగతా సగం అలాగే ఉంది. నేను అయిదింటికి తిట్టుకునే షట్టరూ, ఏడింటికి పరుగెత్తుకెళ్లి సరుకు తెచ్చుకునే షట్టరూ ఒకటే. దాన్ని దూరంగా పంపిస్తే రెండూ పోతాయి. నిశ్శబ్దమే ముఖ్యం అనుకునేవాళ్లని ఇలాంటి చోటికి రమ్మని నేను చచ్చినా చెప్పను.

మనుషుల సంగతి వేరు. ఇక్కడ నాకు ముఖాలు తెలుసు, పేర్లు తెలియవు. బస్టాపులో ఎర్ర గొడుగు ఆవిడ, మెట్ల దగ్గర కుక్కని ఆడించే కుర్రాడు, లైబ్రరీలో రోజూ అదే కుర్చీలో కూర్చునే పెద్దాయన. వీళ్లని స్నేహితులనలేం. కానీ ఇలాంటి పైపై పరిచయాలకి చాలా బలం ఉందని మార్క్ గ్రానోవెటర్ అనే సోషియాలజిస్టు 1973లో రాశాడు, ఉద్యోగాల కబుర్లు దగ్గరివాళ్ల కంటే ఇలాంటివాళ్ల ద్వారానే ఎక్కువ వస్తాయని. మాకు ఉద్యోగం రాలేదు గానీ, మంచి పళ్ల డాక్టరు, పాపకి లెక్కలు చెప్పే అమ్మాయి, పాత సైకిలు, అన్నీ అలా నిలబడి మాట్లాడుతుంటేనే దొరికాయి. తాళంచెవి ఒకటి కింద టైలరు దగ్గర ఉంచుతాం. ఇది మాకు కొత్తగా అనిపించింది, కానీ జేకబ్స్ తన వీధి దుకాణదారు దగ్గర జనం తాళాలు వదిలి వెళ్లడం గురించి కూడా రాసింది.

దీనికి రెండో వైపూ ఉంది. మా ఇంటికి ఎవరొచ్చారో, నేను ఎన్నింటికి వచ్చానో అందరికీ తెలుసు. నేనూ మా ఆయనా కిటికీ దగ్గర గొడవ పడితే మర్నాడు టైలరు మరీ మర్యాదగా పలకరిస్తాడు. పాత కాలనీలో పక్కింటివాళ్లకి మా గొంతులే తెలియవు. రెంటిలో ఏది మేలు అని అడిగితే, రోజుని బట్టి చెప్తాను.

పాపకి పదకొండేళ్లు. తనని ఒంటరిగా బడికి పంపడం అన్నిటికంటే టెన్షన్ పెట్టిన పని. మొదట పక్కనే నడిచాం, తర్వాత పది అడుగులు వెనక, తర్వాత పెద్ద కూడలి దాకా మాత్రమే. పచ్చ పడ్డా సరే, మలుపు తిరిగే బండి డ్రైవరు తనని చూశాడో లేదో ముందు చూసుకోమని చెప్పాం. చివరికి మెట్ల మీద కలిసే ఇద్దరు పిల్లలతో పోవడం మొదలుపెట్టింది. ఒకరోజు ఆలస్యమై నేను కంగారుపడుతూ దిగితే, ‘మీ అమ్మాయి స్టేషనరీ షాపులో ఉందమ్మా’ అని కింద అతను నేను అడక్కుండానే చెప్పాడు. పాప మాత్రం ‘అందరూ నన్నే చూస్తుంటారు’ అని ఫిర్యాదు చేస్తుంది. ఆ ఫిర్యాదు న్యాయమైనదే.

మామయ్యగారి రోజు మాత్రం పూర్తిగా మారిపోయింది. పొద్దున్న పేపరు, పదింటికి లైబ్రరీ, సాయంత్రం కూడలిలో బెంచీ. మోకాళ్లు నొప్పిగా ఉన్న రోజు మొదటి మలుపు దాకానే వెళ్లి వస్తారు, అక్కడా ఒక బెంచీ ఉంది కాబట్టి. పేటలో బెంచీలు ఎక్కడెక్కడున్నాయో ఆయన దగ్గర ఒక జాబితా ఉంది, ఏది ఎన్నింటికి నీడలో ఉంటుందో సహా. క్షవరానికి ఎప్పుడు వెళ్తున్నారో ఇప్పుడు నాకు తెలియదు. తిరిగొచ్చాక తల చూసి తెలుసుకుంటాను.

మా ఆడపడుచు కారులో వచ్చినప్పుడల్లా పార్కింగ్ కోసం ముప్పావు గంట తిరిగి, చెమటలు కక్కుతూ పైకొచ్చి, ‘ఇక్కడ ఎలా ఉంటున్నారు వదినా?’ అంటుంది. ఆవిడ కోపం కారులోంచి చూస్తే సబబే. ఈ పేట కారులో వచ్చేవాళ్లకి తగినది కాదు. రైల్లో రమ్మంటే రాదు.

ఈమధ్య అగ్రిమెంట్ అయిపోవచ్చింది. అద్దె పెరిగింది. అదే అద్దెకి పాత కాలనీలో ఇంకో రెండు గదులు ఎక్కువ వస్తాయి. ఒక ఆదివారం నలుగురం కూర్చుని మాట్లాడుకున్నాం. పాప తన గది పెద్దదవుతుందని మొదట అటే మొగ్గింది, స్నేహితులని కలవాలంటే మళ్లీ మేం దింపాలని గుర్తొచ్చి ఆగింది. మా ఆయన పెద్దగా ఏమీ అనలేదు, కారు మళ్లీ కొనాల్సి వస్తుందన్నారు అంతే, ఆ గొంతులో కొంచెం ఆశ వినపడింది. మామయ్యగారు ‘మీరు వెళ్తే వెళ్లండమ్మా, నాకు ఇక్కడే ఒక గది చూడండి’ అన్నారు, నవ్వకుండా.

ఉండిపోతున్నాం. మూడేళ్ల అగ్రిమెంట్ రాస్తాం గానీ, చప్పుడు రాకుండా రెండద్దాల కిటికీలు వేయించమని ఓనరుని అడిగాను. బేరం తెగక తెగక, ఆయన ఒక్క గదికి మాత్రం ఒప్పుకున్నారు. ఆ గది ఎవరిదన్నది ఇంట్లో ఇంకా తేలలేదు.